ఆపరేషన్ తర్వాత నొప్పి: కేస్ షీట్‌లో "ఎస్.ఓ.ఎస్." అని ఉంటే నర్సు ఏం చేయాలి?

సర్జికల్ వార్డులో కొత్తగా చేరానని, నైట్ డ్యూటీలు పడుతున్నాయని, చాలామంది కేస్ షీట్లలో "ఇంజెక్షన్ ట్రమడాల్ ఎస్.ఓ.ఎస్." (అంటే అవసరమైతే ఇవ్వండి) అని తప్ప ఇంకేమీ ఉండటం లేదని రాశారు. పేషెంట్ మూలుగుతుంటే తోడుగా వచ్చిన అటెండర్లు మీ మీద అరుస్తున్నారు. సీనియర్లేమో "అడిగినప్పుడల్లా వేస్తే అలవాటు పడిపోతారు" అంటున్నారు. వేస్తే ఎక్కడ ఊపిరి ఆగిపోతుందోనని మీకు టెన్షన్. ఎప్పుడు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఇచ్చినా తగ్గకపోతే రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టర్‌ను లేపవచ్చా అన్నది మీ ప్రశ్న.

చాలా ఏళ్ళుగా సర్జికల్ వార్డులోనూ పోస్ట్-ఆప్ రూములోనూ పనిచేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. కింద రాసిన మోతాదులు పెద్దవాళ్ళకు మామూలుగా వాడేవి. మీ దగ్గర డాక్టర్ ఆర్డరు, ఆసుపత్రి ప్రోటోకాల్ ఏముంటే దాన్నే పాటించండి.

ముందుగా ఒక మాట. ఇంజెక్షన్ వేసి, చార్ట్‌లో సంతకం పెట్టడంతో నొప్పి మందు పని అయిపోదు. నొప్పి ముదరకముందే టైముకి ఇవ్వాలి. ఇచ్చాక మళ్ళీ మంచం దగ్గరికి వెళ్ళి, పని చేసిందా, మనిషి ఎలా ఉన్నారు అని చూడాలి. మీరు అడిగిన వాటన్నిటికీ జవాబు ఈ రెండు పనుల్లోనే ఉంది.

ఎస్.ఓ.ఎస్. ఆర్డరుతో వచ్చే చిక్కేమిటంటే, పేషెంట్ నోరు తెరిచి అడిగేదాకా ఎవరూ కదలరు. మన పేషెంట్లు తొందరగా అడగరు. ఓర్చుకోవాలి కాబోలు అనుకుంటారు కొందరు. సిస్టర్ విసుక్కుంటుందేమోనని కొందరు, ఇంజెక్షన్‌కి విడిగా బిల్లు పడుతుందేమోనని కొందరు ఆగుతారు. ఆరోగ్యశ్రీ కింద చేరినవాళ్ళలో ఈ చివరి భయం నేను చాలాసార్లు చూశాను. మందుల ఖర్చు ప్యాకేజీలోనే ఉంటుందని వాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు. చివరికి భరించలేక అటెండర్‌ను పంపిస్తారు. మీరు వేరే మంచం దగ్గర డ్రిప్ మారుస్తుంటారు. అది ముగించి, స్టోర్ నుంచి మందు తెచ్చి, లోడ్ చేసి, వెళ్ళేసరికి ముప్పావు గంట. అప్పటికి నొప్పి తారస్థాయిలో ఉంటుంది. ఆ స్థితిలో మామూలు డోసు సరిపోదు. "మందు వేసినా తగ్గలేదు" అన్న ఫిర్యాదు సగం ఇక్కడే పుడుతుంది.

స్పైనల్ (వెన్నులో) మత్తు ఇచ్చినవాళ్ళ విషయంలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. సిజేరియన్, హెర్నియా, మోకాలి మార్పిడి చాలావరకు స్పైనల్‌లోనే చేస్తారు. థియేటర్ నుంచి వచ్చినప్పుడు పేషెంట్ నవ్వుతూ మాట్లాడుతుంటారు. "అసలు నొప్పే లేదంట" అని అటెండర్లు చుట్టాలకు ఫోన్లో చెబుతుంటారు. స్పైనల్‌లో ఇచ్చే బుపివకైన్ మందు ప్రభావం మామూలుగా రెండు నుంచి నాలుగు గంటల్లో దిగిపోతుంది. దిగేటప్పుడు నొప్పి మెల్లమెల్లగా రాదు, ఒక్కసారిగా వచ్చి మీద పడుతుంది. అందుకే థియేటర్ నుంచి షీట్ రాగానే స్పైనల్ ఎన్నింటికి ఇచ్చారో, ఆఖరి నొప్పి మందు ఏది, ఎన్నింటికి ఇచ్చారో చూడండి. పదకొండింటికి స్పైనల్ ఇచ్చి, లోపల ఏమీ ఇవ్వకపోతే ఒంటిగంట ప్రాంతంలో మొదటి పారాసెటమాల్ ఎక్కాలి. కాలి వేళ్ళు కదుపుతున్నారంటే మీకు ఇక టైము లేదు. నరానికి బ్లాక్ (ఆ భాగం మొద్దుబారేలా నరం పక్కన వేసే ఇంజెక్షన్) ఇచ్చినవాళ్ళకూ ఇంతే. పగలు చేసిన బ్లాక్ రాత్రి దిగిపోతుంది, నైట్ సిస్టర్‌కి ఆ సంగతి తెలియదు. డ్యూటీ అప్పగించేటప్పుడు, హ్యాండోవర్‌లో తప్పకుండా చెప్పాల్సిన విషయం అది.

మరి ఎస్.ఓ.ఎస్. అని మాత్రమే రాస్తే ఏం చేయాలి? రౌండ్స్‌లోనే అడగండి. "సార్, పారాసెటమాల్ ఆరు గంటలకోసారి రెగ్యులర్‌గా రాస్తారా? ట్రమడాల్ ఎస్.ఓ.ఎస్.గానే ఉంచుదాం, కానీ డోసు, ఎన్ని గంటలకోసారి, రోజుకి గరిష్ఠం ఎంత అన్నది రాయండి." ఇలా అడిగితే కాదనే సర్జన్లు తక్కువ. రాయకపోవడానికి కారణం ఎక్కువసార్లు హడావుడే. డోసు, దారి (నోటితోనా, నరంలోనా, కండకా), వ్యవధి లేని ఎస్.ఓ.ఎస్. అసలు పూర్తి ఆర్డరే కాదు. అలాంటిదాన్ని మీ అంతట మీరు ఊహించి నింపుకోవద్దు.

రెగ్యులర్‌గా రాస్తే షీట్ ఇలా ఉంటుంది: పారాసెటమాల్ ఉదయం 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 6, రాత్రి 12. కిడ్నీ, కడుపు బాగున్నవాళ్ళకు ఉదయం 8కి, రాత్రి 8కి డైక్లోఫెనాక్. మధ్యలో నొప్పి తన్నుకొస్తే ట్రమడాలో మార్ఫినో. వేర్వేరు రకాలుగా పనిచేసే మందులు కలిపి ఇస్తే ఒక్కోదాని డోసు తక్కువ సరిపోతుంది, ముఖ్యంగా మార్ఫిన్, ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ మందుల అవసరం తగ్గుతుంది. మంచి ఆసుపత్రులన్నీ ఇప్పుడు ఈ పద్ధతికే వచ్చాయి.

ఇక నొప్పి ఎంతుందో అడగడం. సున్నా నుంచి పది దాకా స్కోరు మీకు కాలేజీలో నేర్పే ఉంటారు. చదువుకున్నవాళ్ళకు అది చక్కగా పనిచేస్తుంది. పల్లె నుంచి వచ్చిన పెద్దవాళ్ళను "పదికి ఎంత?" అంటే అర్థంకాక మన మొహం చూస్తారు. వాళ్ళను నేను రూపాయి లెక్కలో అడుగుతాను. "అస్సలు ఓర్చుకోలేని నొప్పి రూపాయి అనుకో పెద్దమ్మా, ఇప్పుడు నీకు ఎంతుంది? పావలానా, అర్ధ రూపాయా, ముప్పావలానా?" వెంటనే చెబుతారు. "పొద్దున రూపాయి ఉందమ్మా, ఇప్పుడు అర్ధకి దిగింది" అని వాళ్ళే లెక్క కట్టి చెప్పిన సందర్భాలు ఎన్నో. పావలాను రెండు మూడుగా, అర్ధను ఐదుగా, ముప్పావలాను ఏడెనిమిదిగా చార్ట్‌లో రాసుకోవచ్చు. ప్రతిసారీ అదే లెక్కలో అడగండి, హ్యాండోవర్‌లో తర్వాతి సిస్టర్‌కి కూడా చెప్పండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. కదలకుండా పడుకున్న మనిషిని అడిగితే "పర్లేదు" అనే వస్తుంది. దగ్గమనండి. పక్కకి తిరగమనండి. అప్పుడు అడగండి. కడుపు ఆపరేషన్ అయిన మనిషి దగ్గలేకపోతే, గట్టిగా ఊపిరి తీయలేకపోతే ఊపిరితిత్తుల అడుగుభాగం మూసుకుపోతుంది, కఫం పేరుకుంటుంది, మూడో రోజుకి జ్వరం, న్యుమోనియా. లేచి నడవకపోతే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం. నొప్పి తగ్గించడం వాళ్ళ సుఖం కోసం మాత్రమే కాదు, ఆపరేషన్ ఫలితం నిలబడటానికి కూడా. మనం చూడాల్సింది స్కోరు సున్నా అయిందా అని కాదు. దగ్గగలుగుతున్నారా, కూర్చోగలుగుతున్నారా, బాత్‌రూము దాకా నడవగలుగుతున్నారా అని.

పేషెంట్ ఫోన్ చూసుకుంటున్నాడు, నవ్వుతున్నాడు, కాబట్టి నొప్పి లేదు అనుకోవద్దు. బీపీ, పల్స్ మామూలుగా ఉన్నాయని కూడా నొప్పిని కొట్టిపారేయవద్దు. కొంతసేపయ్యాక ఒళ్ళు సర్దుకుంటుంది, నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. నొప్పి ఎంతుందో అనుభవించేవాళ్ళు చెప్పిందే ప్రమాణమని మార్గో మెకాఫ్రీ అనే అమెరికన్ నర్సు 1968లోనే రాసింది. నొప్పి వైద్యంలో ఇప్పటికీ దాన్నే ఆధారంగా తీసుకుంటారు. నోటితో చెప్పలేనివాళ్ళ దగ్గర మాత్రం మనమే చూడాలి. మతిమరుపు ఉన్న ముసలాయన "ఏం లేదమ్మా" అంటూనే రెండు చేతులతో మంచం రాడ్ బిగించి పట్టుకుంటాడు, కనుబొమలు ముడిపడి ఉంటాయి, పొట్ట మీద చెయ్యి వేయనివ్వడు. చిన్న పిల్లలకు మొహం, కాళ్ళు, కదలిక, ఏడుపు, ఊరడింపు చూసి మార్కులు వేసే ఫ్లాక్ స్కేలు ఉంది. మూడేళ్ళు దాటిన పిల్లలకు మొహాల బొమ్మలు చూపించి అడగవచ్చు.

మందుల దగ్గరికి వద్దాం.

పారాసెటమాల్‌ను చాలామంది జ్వరం మందుగానే చూస్తారు. టైముకి ఇస్తే ఆపరేషన్ నొప్పికి అదే పునాది. పెద్దవాళ్ళకు ఒక గ్రాము, పదిహేను నిమిషాల్లో ఎక్కేలా, ఆరు గంటలకోసారి, రోజుకి 4 గ్రాములు మించకుండా. ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త కావాలి. ఒకటి బరువు. 50 కిలోల లోపు ఉంటే కిలోకి 15 మి.గ్రా. లెక్క. మన ఊళ్ళ నుంచి వచ్చే 40 కిలోల అమ్మకు 600 మి.గ్రా. చాలు, అంటే 100 మి.లీ. బాటిల్‌లో 60 మి.లీ. మాత్రమే. బాటిల్ తగిలించి వెళ్ళిపోతే మొత్తం ఎక్కేస్తుంది, కాబట్టి మిగతా 40 మి.లీ. ముందే తీసేసి తగిలించండి. రెండోది, పారాసెటమాల్ వేరే పేర్లతో కూడా లోపలికి పోతుంటుంది. ట్రమడాల్‌తో కలిసి వచ్చే అల్ట్రాసెట్ లాంటి మాత్రలో 325 మి.గ్రా. ఉంటుంది. జ్వరానికని డోలో 650 రాస్తారు. నరంలోకి ఎక్కే ఐ.వి. పారాసెటమాల్ ఒకవైపు నడుస్తూనే ఉంటుంది. పైగా అటెండర్ జేబులో ఇంటి నుంచి తెచ్చిన మాత్ర ఒకటి. అన్నీ కలిపి లెక్కేయండి. లివర్ సమస్య, తాగుడు అలవాటు ఉన్నవాళ్ళకు గరిష్ఠ మోతాదు ఎంతో డాక్టర్‌ను అడిగి రాయించుకోండి.

డైక్లోఫెనాక్ గట్టి మందు. 75 మి.గ్రా., రోజుకి 150 మించకూడదు. కానీ వేసే ముందు యూరిన్ బ్యాగ్ వైపు ఒకసారి చూడండి. యూరిన్ గంటకి కిలోకి అర మి.లీ. కన్నా తక్కువ వస్తుంటే, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) పెరిగి ఉంటే, అల్సర్ లేదా ఆస్తమా చరిత్ర ఉంటే, డ్రైన్‌లో రక్తం ఎక్కువగా వస్తుంటే ఆపి డాక్టర్‌తో మాట్లాడాలి. ఆపరేషన్‌లో రక్తం పోయి, నీళ్ళు సరిగ్గా ఎక్కని మనిషి కిడ్నీలను ఈ మందు తేలిగ్గా దెబ్బతీస్తుంది. కండకి వేస్తే పిర్ర పైభాగంలో బయటి వైపున లోతుగా వేయాలి, చేతికి వేయవద్దు. కెటోరొలాక్ కూడా ఈ జాతిదే. రెండూ కలిపి ఇవ్వకూడదు, కెటోరొలాక్ అయిదు రోజులు దాటి వాడకూడదు.

ట్రమడాల్ 50 నుంచి 100 మి.గ్రా., ఆరు గంటలకోసారి, రోజుకి 400 దాటకుండా. 75 ఏళ్ళు దాటినవాళ్ళకు 300 దాటకుండా. పేషెంట్లు "ఆ ఇంజెక్షన్ వేస్తే వాంతులవుతున్నాయి, వద్దు" అంటారే, చాలాసార్లు కారణం మందు కాదు, తోసిన వేగం. హడావుడిలో అర నిమిషంలో తోసేస్తే తల తిరిగి, చెమటలు పట్టి, వాంతి చేసుకుంటారు. 100 మి.లీ. సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కిస్తే అదే మనిషి హాయిగా తట్టుకుంటాడు. ఫిట్స్ ఉన్నవాళ్ళకు ఇది మంచిది కాదు. డిప్రెషన్‌కి ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి వాడుతున్నారా అని అడగండి, వాటితో ట్రమడాల్ పడదు. ఈ మాత్రల సంగతి అటెండర్ల ముందు చెప్పరు, ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. సర్జికల్ వార్డులో ఇన్ఫెక్షన్‌కి రాసే లినెజోలిడ్‌కీ దీనికీ కూడా పడదు. వణుకు, చెమటలు, జ్వరం, కంగారు కలిసి కనిపిస్తే వెంటనే చెప్పాలి.

పెంటజోసిన్ (ఫోర్ట్‌విన్) ఇంకా చాలా చోట్ల మత్తు కలిగించే ఫెనర్గాన్‌తో కలిపి వేస్తున్నారు. ఒక్క విషయం గుర్తుంచుకోండి: మార్ఫినో ఫెంటనిలో నడుస్తున్న మనిషికి ఇది వేస్తే వాటి పనిని చెడగొడుతుంది, నొప్పి తగ్గాల్సింది పోయి పెరగవచ్చు. బీపీ, గుండె వేగం కూడా పెంచుతుంది, కాబట్టి గుండె జబ్బు ఉన్నవాళ్ళ దగ్గర ఆలోచించాలి. ఫెంటనిల్ ప్యాచ్ అయితే ఆపరేషన్ నొప్పికి పెట్టేదే కాదు. అది పూర్తిగా పనిచేయడానికి పన్నెండు గంటల పైన పడుతుంది, తీసేశాక కూడా ఒంట్లో మిగిలి ఉంటుంది.

మార్ఫిన్ అంటే మీకు భయమని అర్థమైంది. ఆ భయం మంచిదే, అది మిమ్మల్ని పేషెంట్ దగ్గర ఉంచితే. మందు దగ్గరికే పోనివ్వకపోతే మాత్రం పేషెంట్‌కి అన్యాయం. ముందు యాంపుల్ మీద బలం చదవండి, మన దగ్గర 10 మి.గ్రా. ఉంది, 15 మి.గ్రా. కూడా ఉంది. 10 మి.గ్రా. యాంపుల్ అయితే సెలైన్‌తో 10 మి.లీ. చేస్తే ఒక మి.లీ.కి ఒక మి.గ్రా. సిరంజి మీద మందు పేరు, బలం, టైము రాసిన స్టిక్కర్ అంటించండి. ఆర్డరు ప్రకారం రెండు మూడు మి.గ్రా. మెల్లగా ఇచ్చి, ఆగి చూడండి. పూర్తి ప్రభావం రావడానికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది. అయిదు నిమిషాలకే "తగ్గలేదు" అని ఇంకో డోసు తోస్తే, రెండూ కలిసి ఒకేసారి పనిచేస్తాయి. కిడ్నీ పనిచేయనివాళ్ళలో మార్ఫిన్ విరిగి తయారయ్యే పదార్థాలు ఒంట్లో పేరుకుపోతాయి. వాళ్ళకు వేరే మందు అడగాలి.

ఊపిరి ఆగిపోవడం ఉన్నట్టుండి జరగదని తెలుసుకుంటే మీ టెన్షన్ సగం తగ్గుతుంది. చాలావరకు ముందు మత్తు ముదురుతుంది, తర్వాతే శ్వాస తగ్గుతుంది. కాబట్టి మత్తును చూడాలి. పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తెరిచి, మాట్లాడి, మళ్ళీ పడుకుంటే ఫర్వాలేదు. "రాత్రి ఏం తిన్నారు?" అని అడిగితే జవాబు చెబుతూ మాట మధ్యలోనే తూగిపోతే, అది ప్రమాద సూచన. తర్వాతి డోసు ఆపండి, డాక్టర్‌కి ఫోన్ చేయండి, ఆ మంచం దగ్గరి నుంచి కదలకండి. శ్వాస పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి, అదీ పేషెంట్‌ను తాకకముందు, పిలవకముందు. పలకరిస్తే ఊపిరి వేగం మారిపోతుంది. పదికి తగ్గితే అప్రమత్తం కావాలి, ఎనిమిది లేదా అంతకన్నా తక్కువైతే ఎమర్జెన్సీ.

పల్స్ ఆక్సీమీటర్ 99 చూపిస్తోంది కదా అని నిశ్చింతగా ఉండవద్దు. ఆక్సిజన్ పెట్టిన మనిషిలో శ్వాస బాగా తగ్గిపోయాక కూడా ఆ అంకె కొంతసేపు బాగానే కనిపిస్తుంది. లోపల కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంటుంది. గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగేవాళ్ళు, లావుగా ఉన్నవాళ్ళు, ముసలివాళ్ళు, నిద్రకని ఆల్ప్రజోలం వేసుకున్నవాళ్ళు, ఫెనర్గాన్ పడినవాళ్ళు ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. మొదటి 24 గంటలు, అందులోనూ రాత్రి, ఎక్కువ జాగ్రత్త. స్పైనల్‌లో మార్ఫిన్ కలిపి ఇచ్చారని అనస్థీషియా షీట్‌లో ఉంటే 24 గంటల దాకా శ్వాస గమనిస్తూనే ఉండాలి, ఎందుకంటే దాని ప్రభావం ఆలస్యంగా కూడా రావచ్చు.

మార్ఫిన్ లాంటి మందులకు విరుగుడైన నలోక్సోన్ మీ క్రాష్ కార్ట్‌లో (ఎమర్జెన్సీ మందుల బండిలో) ఉందో లేదో ఈ రోజు డ్యూటీకి వెళ్ళగానే చూసుకోండి. 400 మైక్రోగ్రాముల యాంపుల్‌ను సెలైన్‌తో 10 మి.లీ. చేస్తే ఒక మి.లీ.కి 40 మైక్రోగ్రాములు. శ్వాస ఇంకా నడుస్తూ బాగా తగ్గినప్పుడు ఒకటి రెండు మి.లీ. ఇచ్చి, రెండు మూడు నిమిషాలు చూసి, అవసరమైతే మళ్ళీ ఇస్తారు. ఒక్కసారిగా మొత్తం తోస్తే నొప్పి అంతా ఒకేసారి తిరిగొచ్చి బీపీ, పల్స్ పైకి ఎగురుతాయి. దీని పని గంటా గంటన్నరలోపే అయిపోతుంది, మార్ఫిన్ అంతకన్నా ఎక్కువసేపు ఉంటుంది. లేచి కూర్చున్నాడని వదిలేస్తే మళ్ళీ మత్తులోకి జారిపోవచ్చు. శ్వాస ఆగితే మాత్రం మందు కోసం ఎదురుచూడకుండా ముందు అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) అందుకోండి, సాయానికి పిలవండి.

ఇచ్చాక ఎప్పుడు చూడాలి? ఐ.వి. ఇస్తే పదిహేను నుంచి ముప్పై నిమిషాలకు, మాత్ర ఇస్తే గంటకు. స్కోరు, మత్తు, శ్వాస మూడూ రాయండి. ఇరవై మంచాలకు ఒక్కరే ఉన్న రాత్రి ఇది కష్టమని నాకు తెలుసు. నేను చేసేదేమిటంటే, నొప్పి మందు వేసిన ప్రతి మంచం నంబరు, తిరిగి చూడాల్సిన టైము చిన్న కాగితం మీద రాసి ఏప్రన్ జేబులో పెట్టుకుంటాను. పక్క మంచానికి యాంటీబయాటిక్ వేయడానికి ఎలాగూ వెళ్తాం, దాంతో కలిపి చూసేస్తాం.

మీరు అడగని విషయం ఒకటుంది, కానీ అది చెప్పకపోతే ఈ జవాబు పూర్తికాదు. కొన్ని నొప్పులను మందుతో అణచకూడదు. కాలి ఎముక ఆపరేషన్ అయినవాళ్ళు, పిండికట్టు వేసినవాళ్ళు మందు వేసినా "పగిలిపోతోంది సిస్టర్" అంటూ ఉంటే, కాలి వేళ్ళను మీరు మెల్లగా వంచి చాపితే అరిస్తే, అది కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ (కండరాల లోపల ఒత్తిడి పెరిగి రక్తం అందకపోవడం) కావచ్చు. గంటలు గడిస్తే కాలు పోతుంది. నాడి దొరుకుతోంది కదా అని ఆగవద్దు, నాడి చివరిదాకా దొరుకుతూనే ఉండవచ్చు. పేగు కుట్టిన మనిషికి నాలుగో రోజు, అయిదో రోజు నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగితే, పల్స్ కూడా పెరిగితే, కుట్టు దగ్గర లీకు ఉందేమో చూడాలి. ఎపిడ్యూరల్ (వెన్నులో నొప్పి మందు ఎక్కే సన్న గొట్టం) ఉన్నవాళ్ళకు నడుం నొప్పి మొదలై కాళ్ళలో బలం తగ్గుతూ పోతే వెంటనే అనస్థీషియా డాక్టర్ రావాలి. రక్తం పలచబరిచే ఇంజెక్షన్లు పడుతున్నవాళ్ళ దగ్గర మరీ జాగ్రత్త. ఇక చాలా మామూలుది: స్పైనల్ తర్వాత యూరిన్ రాక పొత్తికడుపు బిగిసి ఏడుస్తుంటారు. దానికి ట్రమడాల్ పని చేయదు, బ్లాడర్ ఖాళీ చేయాలి. అందుకే ప్రతిసారీ దుప్పటి తీసి చూడండి. డ్రెస్సింగ్, డ్రైన్, పొట్ట, యూరిన్, కాలి వేళ్ళ రంగు చూశాకే సిరంజి పట్టుకోండి.

"అలవాటు పడతారు" అన్న మాటకు వస్తాను. ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు లెక్క ప్రకారం ఓపియాయిడ్ ఇచ్చి, మెల్లగా మాత్రల మీదికి మార్చి ఆపేస్తే వ్యసనం పట్టుకునే అవకాశం చాలా తక్కువ. నొప్పి ఉన్న మనిషి టైము చూసుకుంటూ మందు అడగడం వ్యసనం కాదు, డోసు సరిపోవడం లేదనడానికి గుర్తు. ప్రమాదం ఉన్నది వేరే చోట: ఇంటికి పంపేటప్పుడు అవసరానికి మించి స్ట్రిప్పులు రాయడంలో, లాకు వేయని అల్మారాలో. 1985 ఎన్.డి.పి.ఎస్. (మాదక ద్రవ్యాల) చట్టాన్ని 2014లో సవరించి, మార్ఫిన్, ఫెంటనిల్ లాంటివి ఆసుపత్రులకు సులువుగా దొరికేలా చేశారు. ట్రమడాల్‌ను 2018లో అదే చట్టం కిందికి తెచ్చారు. కాబట్టి రిజిస్టర్, రెండు తాళాలు, మిగిలిన మందు పారబోసేటప్పుడు ఇద్దరి సంతకాలు, ఖాళీ యాంపుల్ వాపసు, వీటిలో ఒక్కటి కూడా వదలవద్దు. రిజిస్టర్ రాయడం పెద్ద పని అని మార్ఫిన్ ఇవ్వకుండా తప్పించుకునే వార్డులున్నాయి, అది నాకు చాలా బాధ కలిగించే విషయం. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో రోగులకు నోటి మార్ఫిన్ ఏళ్ళ తరబడి ఇస్తున్నారు. లెక్క సరిగ్గా ఉంచుకుంటూనే ఇవ్వవచ్చు.

పాలిచ్చే తల్లులకు పారాసెటమాల్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ బాగానే సరిపోతాయి. ట్రమడాల్, కోడీన్ పాలిచ్చేవాళ్ళకూ పన్నెండేళ్ళ లోపు పిల్లలకూ వద్దని 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. హెచ్చరించింది. సిజేరియన్ వార్డులో ట్రమడాల్ ఆర్డరు కనిపిస్తే ఒకసారి గుర్తు చేయండి. ఓపియాయిడ్ నడుస్తున్న ఎవరికైనా మలబద్ధకం ఖాయం. మొదటి రోజు నుంచే విరేచనం మందు అడిగి రాయించండి. హెర్నియా కుట్ల మీద ముక్కడం కన్నా పెద్ద బాధ లేదు.

మందు ఒక్కటే చాలదు. దగ్గేటప్పుడు కుట్ల మీద దిండు అదిమి పట్టుకోవడం, మోకాలి మీద ఐస్ ప్యాక్, కడుపు ఆపరేషన్ అయితే మోకాళ్ళ కింద చిన్న దిండు, ఇవి పైసా ఖర్చు లేనివి. ఫిజియోథెరపిస్ట్ పదింటికి వస్తారంటే మాత్ర తొమ్మిదికే పడాలి. కాలిన గాయం డ్రెస్సింగ్ అయితే మందు వేసి, అది పని మొదలెట్టాకే పాత కట్టు విప్పాలి. అటెండర్లు అరుస్తుంటే వాదించకుండా టైము చెప్పండి: "ఇప్పుడు వేశానమ్మా, ఇరవై నిమిషాల్లో తగ్గాలి, మూడింటికి నేనే వచ్చి చూస్తాను." చెప్పిన టైముకి వెళ్ళండి. మూడింటికి మీరు నిజంగా వస్తే ఆ కుటుంబం ఆ రాత్రి మళ్ళీ అరవదు.

చివరిగా, రాత్రి రెండింటికి డాక్టర్‌ను లేపడం. లేపవచ్చు, లేపాలి. కానీ "సార్, పేషెంట్‌కి నొప్పిగా ఉందట" అని ఫోన్ చేస్తే "ఒక ట్రమడాల్ వేసేయ్" అనే జవాబే వస్తుంది. ఫోన్ చేసే ముందు పేషెంట్‌ను చూసి, కేస్ షీట్ చేతిలో పట్టుకుని ఇలా చెప్పండి: "సార్, ఆరో నంబరు మంచం, 52 ఏళ్ళు, నిన్న మధ్యాహ్నం గాల్‌బ్లాడర్ ఓపెన్ ఆపరేషన్. పన్నెండింటికి పారాసెటమాల్ గ్రాము, ఒంటిగంటకి ట్రమడాల్ 100 ఇచ్చాను. అప్పుడు స్కోరు ఎనిమిది, ఇప్పుడు ఏడు, దగ్గలేకపోతున్నారు. పల్స్ 112, బీపీ 140/90, శ్వాస 22, జ్వరం లేదు, పొట్ట మెత్తగానే ఉంది, డ్రైన్ 30 మి.లీ., యూరిన్ బాగానే వస్తోంది. మెలకువగానే ఉన్నారు. క్రియాటినిన్ నార్మల్, డైక్లోఫెనాక్ ఇంకా ఇవ్వలేదు. ఇవ్వమంటారా, లేక మార్ఫిన్ మొదలెడదామా? ఒకసారి వచ్చి చూస్తారా?" డాక్టర్ చెప్పిన మందు పేరు, డోసు, దారి మీరు తిరిగి చదివి వినిపించి, అవునన్నాకే ఇవ్వండి. ఫోన్ చేసిన టైము, చెప్పిన ఆర్డరు నర్సెస్ నోట్స్‌లో రాసి, ఉదయం రౌండ్స్‌లో సంతకం చేయించుకోండి. రెండోసారి చేసినా స్పందన లేకపోతే, నొప్పి తగ్గకపోతే నైట్ సూపర్‌వైజర్‌కి చెప్పండి, అదీ టైముతో సహా రాయండి. మీ ఆసుపత్రిలో అనస్థీషియా డాక్టర్ రాత్రి డ్యూటీలో ఉంటే వాళ్ళనూ పిలవవచ్చు, ఆపరేషన్ నొప్పి వాళ్ళ పని కూడా.